విప్పి చూడని మూట

ఒకసారి బస్సు చార్జీ మిగల్చాలని ఇనోసి నౌసోరి పట్నం బస్టాండు నుంచి తన ఊరిదాకా నడిచి వచ్చాడు. ఇరవై కిలోమీటర్లు. దారిలో చెప్పులు తెగాయి, పాదాలు బొబ్బలెక్కాయి, మర్నాడు ఆస్పత్రికి వెళ్లడానికి ట్యాక్సీ పిలవాల్సి వచ్చింది. ఆ ట్యాక్సీ డ్రైవరుకు కూడా అతను దారి పొడవునా, బస్సెక్కకుండా డబ్బు ఎలా మిగల్చాలో చెబుతూనే వెళ్లాడు.

పదహారేళ్లుగా అతనితో కాపురం చేస్తున్న రుసీలకు ఇలాంటివి ఓ వంద తెలుసు. ఒకే పెన్సిల్ని కత్తితో రెండు ముక్కలు చేసి ఇద్దరు పిల్లలకు పంచాడు. కత్తి పదును పోయిందని సాన పెట్టించిన డబ్బుతో డజను పెన్సిళ్లొచ్చేవి. ఆ సంగతి ఆమె అనలేదు. అంటే అతను కత్తి సానలో ఎంత మిగిల్చాడో చెప్పడం మొదలుపెడతాడు.

కిందటి అక్టోబరులో నౌసోరిలో ఓ కొట్టు మూతపడుతోందని విని ఇనోసి వెళ్లాడు. సాయంత్రం గోనెపట్టాతో కుట్టేసిన పెద్ద మూటని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో దించి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

“జనవరిలో ఊరంతా కొట్ల ముందు తోసుకుంటారు చూడు, అప్పుడు మనం కాళ్లు చాపుకుని కూర్చుంటాం. బడికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. బట్ట, శాండల్స్, పుస్తకాలు. అరవై డాలర్లు.”

“శాండల్స్ ఏ సైజు?”

“శాండల్స్ సైజు.”

“విప్పి చూశావా?”

“విప్పి చూస్తే తొంభై, విప్పకుండా పట్టుకెళ్తే అరవై అన్నాడు కొట్టువాడు. చూడ్డానికి ముప్పై డాలర్లా? నా కళ్లేమన్నా అంత ఖరీదైనవా?”

రుసీల మూట వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. రెండిట్లో ఏది గట్టిగా కుట్టేసి ఉందో ఆమెకు తెలియలేదు.

“పోనీ, ఇప్పుడు విప్పు. డబ్బు కట్టేశావుగా.”

“నీకు బుర్ర లేదు. విప్పితే నలుగురూ చూస్తారు. చూస్తే కబురు మా అక్క ఊరిదాకా పోతుంది. అక్కడ సైరూసి ఉన్నాడు.”

ఆ మాట మాత్రం నిజం. ఇనోసి అక్క లితియ పక్క ఊరి కోడలు. ఆమె కొడుకు సైరూసి. అక్కడి ఆచారంలో మేనమామ ఇంట్లో మేనల్లుడు గాని మేనకోడలు గాని దేని మీద చెయ్యి వేస్తే అది వాళ్లది. పంది కావచ్చు, పడవ కావచ్చు, వంటి మీది చొక్కా కావచ్చు. మామ కాదనకూడదు. కాదనడం అటుంచి, నవ్వుతూ ఎత్తిపెట్టాలి. మేనల్లుడు ఎంత పెద్దది పట్టుకుపోతే మామకు అంత పరువు. సైరూసి ఇదివరకు ఒక చేపల వల, ఒక రేడియో, ఒక దూడ పట్టుకుపోయాడు. ముగ్గురు పిల్లల్ని బడికి పంపుతున్నవాడు, శాండల్స్ ఉన్నాయని తెలిస్తే వదులుతాడా.

అందుకని ఇనోసి మూటని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పనన్నాడు.

పదకొండు రోజులు చెప్పలేదు. ఆ పదకొండు రోజుల్లో అతనికి అన్నం సహించలేదు, మొహం పాలిపోయింది, పొట్ట ఉబ్బింది. పన్నెండో రోజు సాయంత్రం యంగోన వేళ్లు నూరి కలిపిన మత్తు పానీయం గిన్నె చుట్టూ మగవాళ్లంతా కూర్చున్నారు. కొబ్బరిచిప్ప మూడోసారి తన దాకా వచ్చేసరికి ఇనోసి దాన్ని ఒక్క గుక్కలో తాగి, ఆనవాయితీగా మూడుసార్లు చప్పట్లు చరిచి, “ఇది మన మధ్యే ఉండాలి,” అన్నాడు. అక్కడ పధ్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో ఒకడు రోజూ లితియ ఊరి మీదుగా పాలబండి తోలేవాడు.

ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి వింటున్న రుసీల చేతిలోని కర్రపెండలం దుంపని అవసరమైనదానికంటే గట్టిగా నరికింది.

జనవరి మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. పెద్దమ్మాయి మెరెసీనికి కొండ మీది ఆడపిల్లల హైస్కూల్లో సీటు వచ్చింది. అక్కడే ఉండి చదువుకోవాలి. ఆ ఊరి నుంచి ఆ బడికి వెళ్లే పిల్ల ఏడేళ్లలో ఇదే మొదటిది. చర్చిలో పాస్టరు గారు పేరు చదివి వినిపించారు. ఉత్తరంతోపాటు ఒక జాబితా. నీలం గౌన్లు రెండు, నల్ల శాండల్స్ ఒక జత, గీతల నోటు పుస్తకాలు పన్నెండు, దుప్పటి, బకెట్టు, ఇంకా కొన్ని. ఇరవై ఏడో తేదీ సోమవారం ఉదయం గేటు దగ్గర వార్డెనమ్మ జాబితా పట్టుకుని నిలబడుతుందని, ఏది తక్కువైనా పిల్లని వెనక్కి పంపేసి, ఆ సీటు వరసలో ఉన్న తరువాతి పిల్లకి ఇచ్చేస్తుందని కింద గీత గీసి మరీ రాశారు. వరసలో నలభై మంది ఉన్నారు.

మెరెసీని ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. రోజూ తీసి చదివేది. దుప్పటి, బకెట్టు రుసీల చాపలల్లి అమ్మిన డబ్బుతో కొన్నది. తక్కినవి ఇనప పెట్టెలో ఉన్నాయి. ఉన్నాయని ఇనోసి అన్నాడు.

“ఒక్కసారి పెట్టె తీయవయ్యా. పిల్ల కాలికి శాండల్స్ పెట్టి చూస్తాను.”

“కాలు ఎక్కడికీ పోదు, శాండల్సూ ఎక్కడికీ పోవు. ఆదివారం సాయంత్రం తీస్తాను.”

“ఆదివారం సాయంత్రం సరిపోకపోతే? కొట్లు ఉండవు.”

“నువ్వు ఎప్పుడూ ఇంతే. మంచి బేరం ఇంట్లో ఉంటే నీకు నిద్ర పట్టదు.”

మెరెసీని తండ్రి మొలతాడు వైపు చూసి, మళ్లీ జాబితా చదువుకుంది.

ఇరవై నాలుగో తేదీ శుక్రవారం మధ్యాహ్నం పాలబండివాడు ఆగి, రేపు పొద్దున్నే సైరూసి లారీ వేసుకుని వస్తున్నాడని చెప్పి పోయాడు. ఇనోసి ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పెట్టెని చేలో పాతిపెట్టాలనుకున్నాడు, గొయ్యి తవ్వడానికి పక్కవాడి పార అడిగితే ఎందుకని అడుగుతాడని మానేశాడు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు.

“రుసీలా, ఆ పెట్టె నీదని చెప్పాలి. సామాను నువ్వే కొన్నావని చెప్పాలి. మామ సొత్తు మీదే వాడికి హక్కు. అత్త సొత్తు మీద లేదు.”

“నేను కొన్నానా? మొన్న చర్చి దగ్గర, ఉప్పు ప్యాకెట్ కొనడం కూడా రాదన్నావు నన్ను.”

“అది వేరే సందర్భం.”

“చెబుతానులే. నీకోసం కాదు, పిల్ల కోసం. అయితే ఒకటి విను. నేను కొన్నానన్నాక నువ్వు నోరు మూసుకుని ఉండాలి. ఉండగలవా?”

ఇనోసికి కోపం వచ్చింది. “నేను నోరు మూసుకోలేనా? నా గురించి ఏమనుకుంటున్నావు?”

రుసీల అతన్ని గుమ్మంలోంచి పక్కకి జరిపి, నీళ్లకి వెళ్లింది.

శనివారం ఏడు గంటలకే లారీ వచ్చి ఆగింది. సైరూసి దిగాడు. బీరువాకి కాళ్లు వచ్చినట్టుంటాడు. రేవులో సరుకు దించే పని వాడిది. వాడి వెనక లితియ దిగి, గుమ్మానికి ఓ పక్కన చాప మీద కూర్చుంది. అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు కాబట్టి ఆమె తమ్ముడికేసి చూడకుండా రుసీలని చూసి తల ఊపింది. సైరూసి యంగోన వేళ్ల కట్టని మామ ముందు పెట్టి, వంగి, మర్యాదగా అడిగాడు.

“మామా, పిల్లలకి బడి మొదలవుతోంది. మీ ఇంట్లో ఇనప పెట్టె ఒకటుందని విన్నాను.”

“ఉంది. కానీ అది నాది కాదురా. మీ అత్తది.”

సైరూసి రుసీల వైపు తిరిగాడు. “అవునా అత్తా?”

“నాదే,” అంది రుసీల. “నేనే కొన్నాను. మెరెసీని హైస్కూలుకి.”

సైరూసి కొంచెంసేపు ఆమెని చూశాడు, తరువాత మామని చూశాడు. వాడి మొహంలో నవ్వు ఒక్క క్షణం మెరిసి మళ్లీ దాక్కుంది.

“అయితే సరే. అత్తది నేను ముట్టుకోను. కానీ అత్తా, నీకు దండం పెట్టాలి. ఊరంతా నిద్రపోతుంటే అక్టోబరులోనే కొన్నావంటే మామూలు తెలివి కాదు.”

“ఏదో, అలా కుదిరింది.”

“కుదరడమేంటి? ఇది మగవాళ్లకి తట్టే ఆలోచన కాదు. మామకి తట్టేదా? ఏం మామా, నీకు తట్టేదా?”

ఇనోసి మెడ నరం ఒకటి పైకి లేచింది. “తట్టేది కాదు,” అన్నాడు.

“చూశావా, ఒప్పుకున్నాడు. ఎంతకి కొన్నావు అత్తా?”

“అరవైకి.”

“అరవైకా? మామని పంపి ఉంటే నూట ఇరవై పోసి వచ్చేవాడు. కొట్టువాడు ఓ కూల్‌డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టి జేబు ఖాళీ చేసేవాడు.”

ఇనోసి మొహం ముందు ఎర్రబడింది, తరువాత బీట్‌రూట్ రంగుకి వచ్చింది, తరువాత ఏ కూరగాయకీ లేని రంగులోకి తిరిగింది. పెదవులు బిగించాడు. చెవులు కదిలాయి. మెరెసీని తలుపు పక్కన నిలబడి తండ్రినే చూస్తోంది. ఆ చూపు అతనికి తగిలింది కూడా. ఓ నిమిషం పాటు తట్టుకున్నాడు. చరిత్రలో అంతకు ముందు అతను అంతసేపు ఊరుకున్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

“అమ్మా,” అన్నాడు సైరూసి లితియతో, “ఇకమీదట మన ఊరి ఆడవాళ్లంతా బేరం నేర్చుకోవడానికి అత్త దగ్గరికి రావాలి. పాపం మామకి కూడా రెండు ముక్కలు నేర్పమను.”

“దానికా?” ఇనోసి లేచి నిలబడ్డాడు. “దానికి బేరం తెలుసా? అది మార్కెట్లో చేపవాడితో కబుర్లు చెప్పి అడిగినంతా ఇచ్చి వస్తుంది. అరవైకి తెచ్చింది నేను. నూట ఇరవై అని మొదలుపెట్టినవాణ్ణి తొంభైకి దించి, విప్పకుండా అరవైకి పట్టుకొచ్చింది నేను. ఈ చేతులు.”

చేతులు ముందుకు చాచి చూపించాడు. చాచిన తరువాత గాని ఏం చేశాడో అతనికి అర్థం కాలేదు.

సైరూసి నెమ్మదిగా మూడు చప్పట్లు చరిచాడు. “అదీ సంగతి. తాళంచెవి ఇవ్వు మామా.”

రుసీల కూతురి మొహం చూసింది. పిల్ల ఏడవలేదు. జాబితా కాగితాన్ని గుప్పిట్లో నలిపేసింది, అంతే. పదహారేళ్లలో రుసీల మొగుడి మీద చాలాసార్లు విసుక్కుంది. ఆ పూట మాత్రం ఆమెకు విసుగు రాలేదు. కొత్తగా కొన్న సరుకులో పురుగు కనిపించినప్పుడు చూసినట్టు అతన్ని చూసింది.

పెట్టె తెరిచారు. సైరూసి మూటని వాకిట్లోకి లాగి, కత్తితో కుట్లు తెంపాడు. చుట్టుపక్కల వాళ్లు అప్పటికే చేరారు. ఇంత మంది చేరారంటే ఎవరో చచ్చిపోయారనుకుని పాస్టరు గారు కూడా వచ్చారు.

ముందు బట్ట తాను బయటికి వచ్చింది. ఆకుపచ్చ.

“బడిది నీలం కదా,” అన్నారెవరో.

“రెండు ఉతుకులకి నీలంలోకి తిరుగుతుంది,” అన్నాడు ఇనోసి.

తరువాత శాండల్స్. పన్నెండు జతలు. అన్నీ పదిహేనో సైజు. ఒకదాంట్లో సైరూసి పాదం పెట్టి చూశాడు. అంత పాదం కూడా అందులో అటూ ఇటూ తిరిగింది.

“పిల్లలు పెరుగుతారు,” అన్నాడు ఇనోసి.

“ఈ సైజుకి పెరగాలంటే మా వాడు పడవలా పెరగాలి మామా.”

కింద నోటు పుస్తకాలు. పైవి బాగానే ఉన్నాయి. విప్పితే లోపల అన్నీ గళ్ల కాగితాలు, లెక్కలు వేసుకునేవి. వాటి కింద ఉన్నవి ఏ వానలోనో తడిసి, ఎండి, పలకలా అతుక్కుపోయాయి. ఒకావిడ ఓ పుస్తకం తీసి మోకాలి మీద కొట్టింది. విరగలేదు. చివరికి మూట అడుగున పాతిక గొడుగులు దొరికాయి. పట్టాలున్నాయి, పుల్లలు లేవు.

జనం నవ్వు చర్చి గంటలాగా ఒకేసారి మొదలైంది. ఇనోసి కాక నవ్వనివాళ్లు నలుగురే: రుసీల, మెరెసీని, లితియ, సైరూసి.

సైరూసి శాండల్ని మళ్లీ మూట మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు. తల గోక్కున్నాడు. మామ ముందు కూర్చుని, మర్యాద తప్పకుండా అన్నాడు.

“మామా, ఇవి మీ దగ్గరే ఉండనివ్వండి.”

నవ్వు ఆగిపోయింది. మేనల్లుడు దోచుకుపోవడం ఊళ్లో మామూలే. పెట్టె తెరిచి, చూసి, వద్దని వదిలేసి పోవడం మాత్రం అక్కడున్న ముసలివాళ్లు కూడా ఎన్నడూ చూడలేదు. ఇనోసి మొహంలో రంగులన్నీ ఒకేసారి దిగిపోయాయి.

“అదేంట్రా. పట్టుకుపో. నీ హక్కు.”

“వద్దులే మామా. చెత్త లారీ మంగళవారం వస్తుంది కదా.”

“కనీసం గొడుగులన్నా పట్టుకుపోరా. మేనల్లుడివి, ఉత్త చేతులతో పోతే నన్ను ఊరు ఏమనుకుంటుంది?”

లితియ చాప మీద నుంచి లేచింది. తమ్ముడికేసి చూడకుండా, రుసీలతో అంది. “రుసీలా, నా కొడుకు ఈ ఇంట్లో దూడ పట్టుకుపోయినప్పుడు మా ఊళ్లో తల ఎత్తుకుని నడిచాను. ఇవాళ ఏ మొహం పెట్టుకుని బండి దిగాలో నువ్వే చెప్పు.”

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఇనోసి దాని వెనక కొంతదూరం రెండు గొడుగు పట్టాలు పట్టుకుని నడిచాడు.

అప్పటికి ఎనిమిదిన్నర. శనివారం కొట్లు ఒంటిగంటకి మూసేస్తారు. రుసీల చెప్పులు వేసుకుని కూతురి చెయ్యి పట్టుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు తిరిగొచ్చిన ఇనోసి.

“నౌసోరి. దీని మేనమామ దగ్గరికి.”

“అడుక్కోవడానికా?”

“నీ మేనల్లుడు నీ ఇంటికి వచ్చి ఏమీ లేక వెళ్లిపోయాడు. నా కూతురు వాళ్ల మామ దగ్గర్నుంచి అలా రాదు.”

“అయితే బస్సు వద్దు, పాలబండి వస్తుంది, ఊరికే ఎక్కించుకుంటాడు.”

“అది పదకొండింటికి వస్తుంది.”

“పదకొండుకి వెళ్తే ఏమైంది? రానూపోనూ నాలుగు డాలర్లు మిగులుతాయి కదా.”

రుసీల వెనక్కి తిరగలేదు.

నౌసోరి మార్కెట్లో తమ్ముడు జోవేసా చేమదుంపల కుప్పల వెనక కూర్చుని ఉన్నాడు. రుసీల పది అడుగుల దూరంలోనే ఆగి, పక్కనున్న వంకాయల వైపు తిరిగి నిలబడింది. తమ్ముడితో ఆమె మాట్లాడకూడదు. అడగాల్సింది పిల్లే. అడగడం ఎలాగో ఇంట్లో ఎవరూ దానికి నేర్పలేదు. ఇనోసి ఇంట్లో ఎవరినీ ఏదీ అడగకూడదు, ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు.

మెరెసీని దుంపల ముందు నిలబడి, నలిగిన కాగితాన్ని సాపు చేసింది.

“మామయ్యా,” అంది. మార్కెట్ గోలలో అది వినబడలేదు. మళ్లీ అంది. “మామయ్యా, నాకు ఇవి కావాలి. సోమవారానికి.”

జోవేసా కాగితం తీసుకుని పైనుంచి కింది దాకా చదివాడు. దుంపల మీది ఈగల్ని తోలాడు. అక్క వీపు వైపు ఓసారి చూశాడు.

“ఇంతేనా? పధ్నాలుగేళ్లలో మొదటిసారి వచ్చి శాండల్స్ అడుగుతావా? మీ అమ్మ తరఫు మామనే కదా నేను. నీ వయసులో నేను మా మామ దగ్గర పడవ గుంజుకున్నాను.”

“పడవ జాబితాలో లేదు మామయ్యా.”

జోవేసా పెద్దగా నవ్వి, దుంపలు చూస్తుండమని పక్కావిడకి చెప్పి లేచాడు. కొట్లో మనుషులు తోసుకుంటున్నారు. అతను భుజాలతో దారి చేసుకుంటూ వెళ్లాడు. పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, శాండల్ తొడిగించి, బొటనవేలు దగ్గర నొక్కి చూశాడు. “నడు,” అన్నాడు. మెరెసీని అటు చివరి దాకా నడిచి వచ్చింది. “మళ్లీ నడు.” మళ్లీ నడిచింది. గౌను రంగుని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. పుస్తకాలు ఒక్కొక్కటీ తెరిచి గీతలు చూశాడు. చీటీ మీద ఉన్న ధర ఇచ్చాడు. మొత్తానికి అరగంట పట్టింది.

బయట రుసీల వంకాయల వైపే చూస్తూ నిలబడి ఉంది. సంచి పట్టుకుని కూతురు పక్కకి వచ్చి నిలబడ్డాక కూడా కాసేపు అలాగే ఉంది, కళ్లు తుడుచుకోవడం తమ్ముడికి కనబడకూడదని.

సోమవారం ముగ్గురూ వెళ్లారు. కొండ మీది బడి గేటు దగ్గర వార్డెనమ్మ ఒక్కొక్క వస్తువూ చేత్తో ముట్టుకుని టిక్కు పెట్టింది. మెరెసీని ముందున్న పిల్ల దగ్గర బకెట్టు లేదు. ఆ పిల్లని పక్కన నిలబెట్టారు. మెరెసీని వంతు వచ్చింది. గౌన్లు, పుస్తకాలు, దుప్పటి. వార్డెనమ్మ వంగి శాండల్ మీద వేలితో నొక్కింది.

“బాగా సరిపోయాయి. ఎవరు కొన్నారు?”

ఇనోసి నోరు తెరిచాడు. రుసీల అతని కాలు తొక్కింది, బలమంతా పెట్టి.

“మా మామయ్య,” అంది మెరెసీని.

“లోపలికి వెళ్లు.”

పిల్ల లోపలికి వెళ్లింది. మలుపు దగ్గర తల్లికి చెయ్యి ఊపి, కనబడకుండా పోయింది. ఆ నల్ల శాండల్స్ మెట్ల మీద టకటక చప్పుడు చేయడం రుసీలకి చాలాసేపు వినిపించింది.

తిరుగు బస్సులో జనం లేరు. కిటికీలు లేని పక్కల నుంచి చెరకు తోటల గాలి వస్తోంది. ఇనోసి కుంటుతూ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. తొక్కుడు తిన్న పాదాన్ని కొంతదూరం ఒత్తుకున్నాడు. తరువాత అతని మొహం మెల్లమెల్లగా వెలిగింది.

“ఒకటి గమనించావా,” అన్నాడు. “గౌన్లు, శాండల్స్, పుస్తకాలు. ఇన్ని కొన్నాం. నా చేతిలోంచి ఒక్క సెంటు పోలేదు. సాయంత్రం యంగోన దగ్గర వాళ్లకి చెప్పాలి. వచ్చే ఏడాది నుంచి ఎవరూ ఏమీ కొనక్కర్లేదు. పిల్లని తీసుకెళ్లి మామ ముందు నిలబెడితే సరి. ఈ ఆలోచన ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు చూడు.”

బస్సు నిండా ఖాళీ సీట్లే ఉన్నాయి. రుసీల లేచి, నాలుగు వరసలు ముందుకు నడిచి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.